ఫ్యూజు కాపాడేది తీగని, మనిషిని కాదు

మన సాఫ్ట్‌వేరు జనాలకి ఒక మంచి అలవాటుంది. ప్రోగ్రాము ఎర్రరిస్తే, అది ఎందుకొచ్చిందో చూడకుండా ఊరికే కనబడకుండా చేసేసినవాణ్ణి మనం క్షమించం. ఎక్సెప్షన్ని పట్టుకుని క్యాచ్ బ్లాకు ఖాళీగా వదిలేసిన కోడు రివ్యూకొస్తే, రాసినవాణ్ణి ఉతికి ఆరేస్తాం. ఇంత నిష్ఠ గల మనమే సాయంత్రం ఇంటికొచ్చాక, ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని ఎలక్ట్రీషియన్ని పిలిచి, "ఇది ఊరికే పడిపోతోంది బాబూ, కాస్త పెద్దది వేసెయ్" అంటాం. అతనూ పదహారు ఆంపియర్లది పీకేసి ముప్ఫైరెండుది బిగించి, డబ్బులు తీసుకుని వెళ్ళిపోతాడు. ఇంక పడిపోదు. అందరూ సంతోషం. ఇది ఖాళీ క్యాచ్ బ్లాకు కాక మరేవిటి?

ఇంట్లో కరెంటు సమస్యలొస్తే ఏం చెయ్యాలో చెప్పే వీడియోలు ఇప్పుడు బోలెడున్నాయి. స్క్రూ ఎటు తిప్పాలో అవి చక్కగా చూపిస్తాయి. కానీ ఆ మెయిన్ బోర్డులో ఉన్న వస్తువులు అక్కడ ఎందుకున్నాయో ఎవరూ చెప్పరు. నా ఉద్దేశంలో అసలు తెలియాల్సింది అదే. అవన్నీ ఒకేసారి, ఒకే బుర్రలోంచి పుట్టలేదు. ఒకటి వచ్చింది, అది చెయ్యలేని పని ఒకటి మిగిలింది. దానికోసం ఇంకోటి వచ్చింది, అది కొత్త సమస్య తెచ్చింది. ఇలా సుమారు ఎనభై ఏళ్ళు పట్టింది. మన పాత లెగసీ కోడులాగా ఒక్కో ప్యాచ్ వెనకా ఒక్కో ప్రమాదం ఉంది. ఏది ఏ ప్రశ్నకి జవాబుగా పుట్టిందో తెలిస్తే, అది పడిపోయినప్పుడు ఏం చెబుతోందో మనకే అర్థమవుతుంది.

మొదట తీగల సంగతి.

1882 సెప్టెంబరు 4న న్యూయార్కులో పెర్ల్ స్ట్రీట్ స్టేషన్ నుంచి ఎడిసన్ కరెంటు ఇవ్వడం మొదలుపెట్టాడు. అంతకు రెండేళ్ళ ముందే, 1880లో, దీపాల తీగలకి రక్షణగా ఓ చిన్న ఏర్పాటుకి పేటెంటు తీసుకున్నాడు. ఆలోచన చాలా చిన్నది. దారి పొడుగునా లావు తీగ వేసి, ఒక్కచోట మాత్రం కావాలనే సన్నటి తీగ ముక్క పెట్టాలి. కరెంటు హద్దు దాటితే ముందు ఆ ముక్క కరిగి తెగిపోతుంది, మిగతా తీగ బతుకుతుంది. మన ఫ్యూజుకి తాత అదే.

అప్పట్లో ఇది ప్రాణావసరం. ప్లాస్టిక్ తొడుగుల్లేవు. తీగలకి నూలో, రబ్బరో చుట్టి, చెక్క పట్టీల్లో బిగించేవారు. ఇళ్ళలో గోడలూ చెక్కే. ఎక్కడన్నా రెండు తీగలు కలిశాయంటే నిప్పే. అందుకని కరెంటు భద్రత గురించి ముందుగా బెంగపెట్టుకున్నవాళ్ళలో డాక్టర్లకంటే ముందున్నది అగ్నిప్రమాదాల ఇన్సూరెన్సు కంపెనీలవాళ్ళు! 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో లక్షల దీపాలు పెడుతుంటే, వైరింగు తనిఖీకి విలియం హెన్రీ మెరిల్ అనే కుర్ర ఇంజనీరు వెళ్ళాడు. ఆ మరుసటి ఏడాది ఆయన మొదలుపెట్టినదే అండర్‌రైటర్స్ లేబొరేటరీస్. మీ ల్యాప్‌టాప్ ఛార్జరు వెనక్కి తిప్పి చూడండి, యూఎల్ అనే గుర్తు ఉండే అవకాశం ఎక్కువ. అది వీళ్ళదే. 1897లో అమెరికాలో మొదటి జాతీయ ఎలక్ట్రికల్ కోడ్ వచ్చింది. దాని వెనకా ఇన్సూరెన్సువాళ్ళ పాత్ర పెద్దది.

ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ఫ్యూజు పుట్టింది ఇల్లు తగలబడకుండా. మనిషికి షాక్ కొట్టకుండా కాదు.

ఫ్యూజుతో ఓ చిక్కుంది. తెగితే మళ్ళీ కట్టాలి. మన ఊళ్ళలో ఫ్యూజు కట్టడం రాని ఇల్లు ఉండేది కాదు. పింగాణీ కటౌటు ఊడబీకి, పాత వైరులోంచి ఓ రాగి పోగు లాగి, ఒకటైతే మళ్ళీ పోతుందని మూడు పోగులు మెలేసి బిగించేవారు. "ఇంక ఏడాది దాకా చూసుకోక్కర్లేదు" అని చేతులు దులుపుకునేవారు. నిజమే, చూసుకోక్కర్లేదు. ఎందుకంటే ఇప్పుడు ఆ ఇంట్లో ఫ్యూజు లేదు. గోడలో ఉన్న తీగే ఫ్యూజు.

ఈ బాధ తప్పించడానికే జర్మనీలోని మాన్‌హైమ్‌లో హ్యూగో స్టోట్జ్ కంపెనీ 1924 ప్రాంతంలో చిన్న సర్క్యూట్ బ్రేకరు తయారుచేసింది. ఇవాళ మనం ఎంసీబీ అంటున్నది దాని మనవడే. అందులో తమాషా ఏంటంటే, ఒకే డబ్బాలో రెండు వేరు వేరు యంత్రాలుంటాయి. ఒకటి రెండు లోహాల పట్టీ. మోతాదు మించి కరెంటు పోతుంటే మెల్లగా వేడెక్కి వంగి, కాసేపటికి స్విచ్ని పడగొడుతుంది. రెండోది ఒక తీగచుట్ట. రెండు తీగలు నేరుగా కలిసి వందల ఆంపియర్లు దూసుకొస్తే అయస్కాంతమై కన్నుమూసి తెరిచేలోగా పడగొడుతుంది. అంటే ఎంసీబీ ఎంతసేపటికి పడిపోయిందన్నదే అది చెప్పే మాట. లేపగానే టప్పుమని పడిందా, ఎక్కడో షార్ట్ ఉంది. ఏసీ, గీజరు, ఇస్త్రీపెట్టె కలిపి వేసిన పావుగంటకి పడిందా, లోడు ఎక్కువైంది. లాగ్ ఫైలు చదవడం వచ్చినవాడికి ఇది చదవడం ఎంత పని?

అలాగే ఎంసీబీ సైజు మనం వాడే సామాన్లని బట్టి ఉండదు, దాని వెనకున్న తీగని బట్టి ఉంటుంది. మన ఇళ్ళలో మామూలుగా ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల దీపాల లైనుకి పది ఆంపియర్లు, రెండున్నర చదరపు మిల్లీమీటర్ల ప్లగ్గు లైనుకి పదహారు వేస్తారు. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పదహారు తీసి ముప్ఫైరెండు వేశామంటే కరెంటు రెండింతలు పోనిస్తున్నాం, వేడి నాలుగింతలు పుట్టనిస్తున్నాం. అదీ గోడలోపల, మనకి కనబడని చోట.

సరే, తీగ సంగతి తేలింది. ఇప్పుడు మనిషి.

మనిషికి ఎంత కరెంటు చాలు అన్న ప్రశ్నకి చాలాకాలం సరైన లెక్క లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీలో ఛార్లెస్ డాల్జీల్ అనే ప్రొఫెసరు 1940లలో ఓ వింత పని మొదలుపెట్టాడు. స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్ళ చేతికి రాగి తీగ ఇచ్చి, కరెంటు కొద్దికొద్దిగా పెంచుతూ, "ఇప్పుడు వదిలెయ్యండి" అనేవాడు. ఎక్కడ వదల్లేకపోతున్నారో రాసుకునేవాడు. 134 మంది మగవాళ్ళు, 28 మంది ఆడవాళ్ళ మీద కొలిచాడు. సగటున మగవాళ్ళు 16 మిల్లీ ఆంపియర్ల దగ్గర, ఆడవాళ్ళు పదిన్నర దగ్గర తీగని వదల్లేకపోయారు.

మనవాళ్ళు "కరెంటు లాగేసుకుంటుంది" అంటారు చూడండి, అది ఇదే. కరెంటుకి అయస్కాంతంలా మనిషిని లాగే గుణమేమీ లేదు. వేళ్ళు ముడిచే కండరాలు తెరిచే కండరాలకంటే బలమైనవి. రెంటికీ ఒకేసారి కరెంటు తగిలితే ముడిచేవి గెలుస్తాయి. మనిషి తనని చంపుతున్న తీగని తనే బిగించి పట్టుకుంటాడు.

ఇప్పుడు ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టండి. అరవై వాట్ల పాత బల్బు 260 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. మనిషి వదల్లేకపోవడానికి 16 చాలు. తడి చేత్తో, తడి కాళ్ళతో ఉన్న మనిషి ఒంటి నిరోధం వెయ్యి ఓములనుకుంటే, 230 వోల్టులకి 230 మిల్లీ ఆంపియర్లు పోతాయి. అంటే ప్రాణం పోయేంత కరెంటు మన పాత బల్బు వాడేదానికంటే తక్కువ! ఐదు ఆంపియర్ల ఫ్యూజుకి ఇది అసలు కనబడనే కనబడదు. మనిషి కింద పడిపోయి ఉంటాడు, ఫ్యూజు చల్లగా ఉంటుంది. దాని స్పెసిఫికేషన్లో మనిషి లేడు మరి.

ఇంతకీ నేల మీద నిలబడి ఒక్క తీగ ముట్టుకుంటే షాక్ ఎందుకు కొట్టాలి? సర్క్యూట్ పూర్తవ్వాలంటే రెండు తీగలు కావాలి కదా అని స్కూల్లో నేర్చుకున్నాం. ఆ రెండో తీగ మన కాళ్ళ కింది భూమి. దాన్ని రెండో తీగగా చేసింది భద్రత కోసమే. ఇది నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైన భాగం.

ఆల్టర్నేటింగ్ కరెంటు వచ్చాక వీధి స్తంభాల మీద వెయ్యి, రెండువేల వోల్టులు, ట్రాన్స్‌ఫార్మరు దాటాక ఇళ్ళలో వంద చిల్లర ఉండేవి. ట్రాన్స్‌ఫార్మరు లోపల ఇన్సులేషన్ పాడైనా, గాలివానకి పైతీగ తెగి కిందితీగ మీద పడినా, ఆ వేల వోల్టులు నేరుగా ఇంట్లో దీపం దాకా వచ్చేసేవి. దీనికి మందుగా, ఇంటికొచ్చే రెండు తీగల్లో ఒకదాన్ని ట్రాన్స్‌ఫార్మరు దగ్గరే భూమికి కట్టేద్దాం అన్నారు కొందరు. అలా కడితే పైనుంచి వచ్చిన వోల్టేజి భూమిలోకి పోతుంది. కుదరదన్నారు ఇంకొందరు. ఒక తీగ ముందే భూమికి కట్టేస్తే, రెండోది ఎక్కడ భూమికి తగిలినా షార్టే, నిప్పే అన్నది వాళ్ళ వాదన. రెండువైపులా నిజముంది. ఈ గొడవ ఏళ్ళ తరబడి సాగి, చివరికి 1913 అమెరికన్ కోడ్‌లో భూమికి కట్టడం తప్పనిసరి చేశారు. అలా కట్టిన తీగే మనం న్యూట్రల్ అంటున్నది.

చూశారా? పై వోల్టేజి నుంచి ఇంటిని కాపాడ్డానికి చేసిన పని, నేల మీద నిలబడ్డ ప్రతి మనిషినీ సర్క్యూట్లో సగం చేసేసింది. బగ్ ఫిక్స్ చేస్తే ఇంకో బగ్ పుట్టడం మనం కనిపెట్టింది కాదన్నమాట :)

ఆ కొత్త బగ్గుకి జవాబు ఎర్తింగు. ఇస్త్రీపెట్టె, గ్రైండరు, ఫ్రిజ్జు లాంటి ఇనప ఒంటి వస్తువుల్లో ఫేజ్ తీగ ఊడి ఒంటికి తగిలితే, ముట్టుకున్నవాడి గతి ఏంటి? ఆ ఒంటినీ విడిగా ఓ తీగతో భూమికి కట్టేస్తే, కరెంటు మనిషి ఒంట్లోంచి కాక ఆ తీగలోంచి పోతుంది. జర్మనీలో ఆల్బర్ట్ బ్యూట్నర్ 1926లో, అమెరికాలో ఫిలిప్ లాబ్రే 1928లో ఎర్తు ఉన్న ప్లగ్గులకి పేటెంట్లు తీసుకున్నారు. బ్రిటన్లో 1934లో గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గుకి ప్రమాణం వచ్చింది. బ్రిటిష్‌వాళ్ళు 1947లో బల్లపరుపు పిన్నులకి మారిపోయారు గానీ, మనం ఆ పాత గుండ్రటి పిన్నులే ఉంచుకున్నాం. మన ప్లగ్గులో పైనున్న పిన్ను లావుగా ఎందుకుంటుంది? పొరపాటున కూడా ఫేజ్ కంతలో దూరకుండా. పొడుగ్గా ఎందుకుంటుంది? పెట్టేటప్పుడు ముందు అది తగలాలి, తీసేటప్పుడు చివర అది ఊడాలి. అంటే ఎర్తు లేకుండా ఒక్క క్షణం కూడా కరెంటు ఉండకూడదని. కింది రెండు కంతలకీ లోపల మూతలుంటాయి. ఎర్తు పిన్ను దూరితేనే అవి తెరుచుకుంటాయి, పిల్లలు మేకులు పెట్టకుండా. ఇంత ఆలోచించి చేసిన దాన్ని, రెండు పిన్నుల ఛార్జరు దూరట్లేదని, పై కంతలో పెన్ను రీఫిల్ పొడిచి మూతలు తెరిచే విద్య మన దేశంలో ప్రతి హాస్టలు కుర్రాడికీ వచ్చు!

మేం కొండాపూర్లో అద్దెకున్న ఫ్లాట్లో ల్యాప్‌టాప్ ఛార్జింగులో ఉండగా ముట్టుకుంటే చెయ్యి జిల్లుమనేది. మా ఆవిడ ముందు గమనించింది. మల్టీమీటరు పెట్టి చూస్తే ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 232 వోల్టులు. ఫేజ్‌కీ ఎర్తుకీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. రాలేదు. తొంభై దగ్గర ఊగిసలాడుతోంది. అంటే ఆ కంత దేనికీ కలిసి లేదు, గాల్లో ఉంది. అపార్టుమెంటుకి మామూలుగా వచ్చే ఎలక్ట్రీషియన్ని పిలిచాను.

"ఎర్త్ వైరు బోర్డు దాకా లాగారు సార్, కింద పిట్‌కి కలపలేదు. బిల్డరు వద్దన్నాడు."

"వద్దనడమేంటయ్యా?"

"ఎర్త్ ఇస్తే కరెంటు భూమిలోకి పోయి బిల్లు ఎక్కువొస్తదంట సార్."

ఆ అపార్టుమెంటులో అరవై ఫ్లాట్లు. అరవై గీజర్లు. అసోసియేషన్ మీటింగులో నేను ఈ సంగతి లేవదీస్తే, ఇన్నాళ్ళూ ఎవరికేమైందండీ అన్నారొకాయన. ఆ జిల్లుమనడం మాత్రం ప్రమాదకరమైనది కాదు. మన ఛార్జర్లలో గోల తగ్గించే చిన్న కెపాసిటర్లుంటాయి, వాటిలోంచి అర మిల్లీ ఆంపియరు లోపే కారుతుంది. అది పోవాల్సిన దారి ఎర్తు తీగ. ఆ దారి లేదు కాబట్టి నా చేతిలోంచి పోయింది. ప్రమాదం ఆ జిల్లులో లేదు, అది చెప్పిన కబురులో ఉంది. రేపు గీజరులో కాయిల్ పగిలితే ఆ కరెంటుకీ ఇదే గతి. రెండు నెలలు వెంటపడ్డాక పిట్ తవ్వి కలిపారు.

పోనీ, ఎర్తు బాగుంటే చాలా? చాలదు. అదే తర్వాతి అధ్యాయం.

లెక్క వేద్దాం. మన ఇంటి పెరట్లో ఉప్పూ బొగ్గూ వేసి పాతిన ఎర్తు రాడ్డుకి భూమితో ఉండే నిరోధం నేలని బట్టి మారుతుంది. ఎండాకాలం రాతినేలలో ఇరవై ఓములుండటం వింతేం కాదు. గీజరు ఒంటికి ఫేజ్ తగిలిందనుకోండి. ఓమ్ సూత్రం ప్రకారం 230ని 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు. ఎంసీబీ పదహారుది. పడిపోదు! గీజరు ఒంటి మీద వోల్టేజి అలాగే ఉంటుంది, ఎర్తు తీగ వేడెక్కుతూ ఉంటుంది, మీటరు తిరుగుతూ ఉంటుంది. స్నానానికెళ్ళిన మనిషి కుళాయి ముట్టుకుంటాడు. తీగని కాపాడే ఎంసీబీ ఉంది, ఎర్తు ఉంది, అయినా మనిషికి ప్రమాదం తప్పలేదు.

దీనికి జవాబు దొరికింది ఎడిసన్ ఊళ్ళో కాదు, దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో. అక్కడ జోహానెస్‌బర్గ్ దగ్గర ఓ కంపెనీలో ఆన్రీ రూబిన్ అనే ఇంజనీరు ఉండేవాడు. భూమిలోకి కారిపోయే కరెంటుని పసిగట్టే పరికరాలు అప్పటికే ఉన్నాయి గానీ, అవి పది ఆంపియర్ల దాకా కదిలేవి కావు. రూబిన్ 1955లో గనుల కోసం 250 మిల్లీ ఆంపియర్లకే స్పందించేది తయారుచేశాడు. 1956 మొదట్లో ఇంకో కొత్త పద్ధతిలో 12 నుంచి 18 మిల్లీ ఆంపియర్ల మధ్య పడిపోయే నమూనా చేశాడు. ఆ రోజుల్లోనే స్టిల్‌ఫాంటీన్ అనే గని కార్మికుల ఊళ్ళో కొందరు ఆడవాళ్ళు తమ ఇళ్ళలోనే షాక్ కొట్టి చనిపోయారు. దాంతో 1957, 58లలో ఆ ఊరి ఇళ్ళలో 20 మిల్లీ ఆంపియర్ల పరికరాలు కొన్ని వందలు బిగించారు. మనిషిని దృష్టిలో పెట్టుకుని చేసిన రక్షణ ఇళ్ళలోకి రావడం అక్కడ మొదలైంది. ఫ్యూజు పేటెంటుకీ దీనికీ మధ్య దాదాపు ఎనభై ఏళ్ళు!

అమెరికాలో డాల్జీల్ తన కొలతల ఆధారంగా 1961లో ఇలాంటిదే చేశాడు. అక్కడి కోడ్‌లో 1968లో ఈతకొలనుల దీపాలకి, 1975లో స్నానాలగదులకి, 1987లో వంటగదులకి తప్పనిసరైంది. ఆ వరస చూస్తే నీళ్ళు ఎక్కడుంటే అక్కడికి వెళ్ళిందని తెలిసిపోతుంది.

మన బోర్డుల్లో దీన్ని ఆర్‌సీసీబీ అంటారు. పాత పేరు ఈఎల్‌సీబీ ఇంకా చాలామంది నోట్లో ఉంది. అది చేసే పని ప్రోగ్రామర్లకి ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానమేనా అని ఎప్పుడూ చూస్తూండే ఒక అసర్ట్. ఫేజ్, న్యూట్రల్ రెండూ ఒక ఇనప రింగులోంచి పోతాయి. రెండూ సమానమైతే వాటి అయస్కాంత ప్రభావాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. తేడా వచ్చిందంటే ఆ కాస్తా ఇంకెక్కడికో పోతోందని అర్థం, బహుశా మనిషిలోంచి. తేడా 30 మిల్లీ ఆంపియర్లయితే సెకనులో మూడో వంతు లోపు, దానికి ఐదింతలైతే సెకనులో పాతికో వంతు లోపు పడిపోవాలి.

16కే చెయ్యి వదల్లేమన్నారు కదా, మరి 30 ఎందుకు అని అడగొచ్చు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది సమయం. గుండె లయ తప్పడం ఎంత కరెంటు అన్నదాని మీదే కాదు, ఎంతసేపు అన్నదాని మీద కూడా ఉంటుంది. ఆర్‌సీసీబీ ఉన్నా షాక్ తెలుస్తుంది. చెయ్యి విదిలిస్తాం, తిట్టుకుంటాం, బతుకుతాం. అమెరికావాళ్ళు చెయ్యి వదలగలగడాన్ని హద్దుగా పెట్టుకుని 5 దగ్గరే పడగొడతారు. మనదీ యూరప్‌దీ గుండె లెక్క.

మన దేశంలో 1956 నాటి ఎలక్ట్రిసిటీ రూల్స్‌కి తర్వాత చేర్చిన 61-ఎ రూలుతో ఈ రక్షణ చట్టంలోకి వచ్చింది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఇప్పటి నిబంధనలు ఇళ్ళకి 30 మిల్లీ ఆంపియర్లు మించకూడదంటున్నాయి. అయినా జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో ఈమధ్య సంవత్సరాల్లో ఏటా పదివేలమందికి పైగా కరెంటు షాక్‌తో పోతున్నారు. అందులో పొలాల్లో మోటార్ల దగ్గర, ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర పోయినవాళ్ళూ ఉన్నారు, ఇనప దండేనికి తడిబట్టలు ఆరేస్తూ పోయినవాళ్ళూ, వాటర్ హీటరు బకెట్లో చెయ్యి పెట్టి పోయినవాళ్ళూ ఉన్నారు. చాలా ఇళ్ళల్లో ఆర్‌సీసీబీ అసలు లేదు. ఉన్న ఇళ్ళల్లోనూ కొన్నిచోట్ల "ఊరికే పడిపోతోంది" అని దాన్ని తప్పించి నేరుగా కలిపేస్తున్నారు.

నాకు కోపమొచ్చేది ఇక్కడే. ఊరికే పడిపోవడమనేది చాలా అరుదు. పడిపోతోందంటే లెక్క తప్పుతోంది. ఎక్కడ తప్పుతోందో వెతకడం మనకి చేతకాని పనేం కాదు, బైనరీ సెర్చే. వరస ఇది.

ముందు ప్లగ్గులన్నీ ఊడదీయండి. స్విచ్ కట్టేస్తే చాలదు, ఊడదీయాలి. గీజరు, ఏసీ లాంటివి ప్లగ్గు లేకుండా నేరుగా కలిపి ఉంటే వాటి ఎంసీబీలు దింపండి. ఆర్‌సీసీబీ లేపండి. నిలబడిందా, ఒక్కో వస్తువూ పెట్టుకుంటూ రండి. ఏది పెట్టగానే పడిందో అదే దొంగ. మా అనుభవంలో గీజరు కాయిల్, వాషింగ్ మెషిన్, వానకి తడిసిన బయటి లైటు, ఈ మూడూ మొదటి అనుమానితులు. ఏమీ పెట్టకపోయినా పడిపోతోందా, ఎంసీబీలన్నీ దింపి ఒక్కోటీ లేపండి, ఏ లైనో తెలుస్తుంది. ఎంసీబీలన్నీ దింపినా పడిపోతోందంటే ఎక్కడో న్యూట్రలూ ఎర్తూ కలిశాయని అనుమానించాలి. మామూలు ఎంసీబీ ఫేజ్‌నే తెంచుతుంది, న్యూట్రల్‌ని కాదు. ఇన్వర్టరు పెట్టించాక మొదలైన జబ్బయితే, దాని న్యూట్రల్‌ని ఆర్‌సీసీబీ దాటిన చోట కాక ఇంకోచోట కలిపి ఉంటారు. ఇక్కడి నుంచి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పని. కానీ "ఏదో పడిపోతోందయ్యా" అని కాకుండా, "ఈ లైనులో, ఇది చేస్తే, ఇలా పడుతోంది" అని చెబితే, తీసి పారేద్దాం సార్ అనే మాట అతని నోట రాదు. మంచి బగ్ రిపోర్టుకున్న విలువ మనకి తెలియనిదా?

లైన్ టెస్టరు గురించి కూడా ఓ మాట. అందులో ఉన్న బుల్లి నియాన్ దీపం 1917లో మెక్‌ఫార్లన్ మూర్ కనిపెట్టింది. అది మన ఒంట్లోంచి అతి తక్కువ కరెంటు పోనిచ్చి వెలుగుతుంది. వెలిగితే కరెంటు ఉన్నట్టే అనుకోండి, వెలగకపోతే లేనట్టు మాత్రం అనుకోకండి. దీపం పాడై ఉండొచ్చు, మీరు పొడి చెక్క బల్ల మీద నిలబడి ఉండొచ్చు. ముందు కరెంటున్న చోట పెట్టి వెలుగుతోందో లేదో చూసి, తర్వాత అనుమానమున్న చోట చూసి, మళ్ళీ మొదటిచోట చూడాలి. టెస్టుని టెస్టు చెయ్యడమన్నమాట. ప్లగ్గు రెండు కంతల్లోనూ వెలుగుతూ, ఏ వస్తువూ పనిచెయ్యకపోతే, వెనక ఎక్కడో న్యూట్రల్ తెగింది. ఇంట్లో కొన్ని దీపాలు మరీ ఎక్కువగా, కొన్ని మరీ తక్కువగా వెలుగుతుంటే వీధి న్యూట్రల్ వదులైందేమో. ఆలోచించకుండా మెయిన్ కట్టేసి కరెంటాఫీసుకి ఫోన్ చెయ్యండి. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ పోతే ఇళ్ళకి 230 బదులు నాలుగొందల దాకా రావచ్చు. ఒక వీధిలో టీవీలన్నీ ఒకేసారి కాలిపోవడానికి తరచు కారణం ఇదే.

ఒక్క సమస్య మాత్రం వీటిలో దేనికీ దొరకదు. వదులైన స్క్రూ. స్విచ్‌బోర్డు వేడెక్కడం, కాలిన వాసన, ప్లగ్గు దగ్గర చిటపటలు. కరెంటు మామూలుగానే పోతోంది, కాబట్టి ఎంసీబీ ఊరుకుంటుంది. ఎక్కడికీ కారట్లేదు, కాబట్టి ఆర్‌సీసీబీ ఊరుకుంటుంది. ఎక్సెప్షన్ రాదు, ఇల్లు తగలబడుతుంది. ఇక్కడ మీ ముక్కూ చెయ్యే పరికరాలు. ఆ లైను కట్టేసి, బాగుచేయించేదాకా వాడకండి.

ఇంకోటి. ఎవరికైనా షాక్ కొట్టి పట్టుకుని ఉంటే, వాళ్ళని పట్టి లాగకండి. మీరూ అదే సర్క్యూట్లోకి వెళ్తారు. ముందు మెయిన్ కట్టెయ్యండి. మెయిన్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ, పిల్లలకీ పనమ్మాయికీ కూడా చూపించి ఉంచండి.

ఇవాళ చెయ్యాల్సిన పని ఒకటే. మీ బోర్డులో ఆర్‌సీసీబీ మీద 'టీ' అన్న అక్షరంతో చిన్న బొత్తం ఉంటుంది. లోపలి రింగుని తప్పించి కాస్త కరెంటు పోనిచ్చి, కావాలనే లెక్క తప్పిస్తుందది. కంప్యూటర్లు కట్టేసి, ఇంట్లోవాళ్ళకి చెప్పి, దాన్ని నొక్కండి. టక్కుమని పడిపోతే సంతోషం, మళ్ళీ లేపండి, కొన్ని నెలలకోసారి ఇలాగే చూస్తూ ఉండండి. పడకపోతే అది మార్పించాలి. అసలు ఆ బొత్తమున్న డబ్బాయే మీ బోర్డులో కనబడకపోతే, వచ్చే నెల కొనాలనుకున్న ఫోను సంగతి తర్వాత చూసుకుందాం, ముందు ఎలక్ట్రీషియన్ని పిలవండి.